జాంబీ సినిమాలు చూస్తాను... అయితే ఏంటి?

పోయిన నెల మన క్లాసులో మేడమ్ గారు ఒక్కొక్కరినీ లేపి, "నీకు బాగా ఇష్టమైన సినిమా ఒకటి చెప్పమ్మా" అని అడిగారు, గుర్తుందా? ముందు బెంచీ వాళ్ళు 'మాయాబజార్' అన్నారు. ఆ వెనక 'శంకరాభరణం', 'మల్లీశ్వరి' వచ్చాయి. నా వంతు వచ్చేసరికి నేనూ 'మాయాబజార్' అనేసి కూర్చున్నాను. అది పూర్తిగా అబద్ధమేం కాదు. 'మాయాబజార్' ఇష్టం లేని తెలుగువాళ్ళు ఉంటారా? కానీ ముందురోజు రాత్రి ఒంటిగంట దాకా దుప్పటి కింద ఫోన్ పెట్టుకుని నేను చూసింది వేరే సినిమా. అందులో చచ్చినవాళ్ళు లేచి, కాళ్ళీడ్చుకుంటూ వచ్చి, ఒక ఇంటి తలుపులు బాదుతూ ఉంటారు. దాన్ని నేను చూడటం అది ఐదోసారి.

ఆ రోజు చెప్పలేకపోయింది ఇప్పుడు ఈ గోడ మీద చెప్తున్నాను. నాకు జాంబీ సినిమాలంటే ఇష్టం. అందులోనూ చేతిలో డబ్బుల్లేకుండా తీసినవంటే మరీ ఇష్టం. మా వీధిలో స్నేహితురాళ్ళు "ఎప్పుడు చూడూ పేయ్ పడమేనా?" అంటారు. మా పిన్ని అయితే "ఆ పీనుగుల సినిమాలు ఆడపిల్ల చూసేవేనా" అంటుంది. ఇలాంటి ఇష్టాన్ని ఇంగ్లీషు చదివినవాళ్ళు 'గిల్టీ ప్లెజర్' అంటారు. మన ఇళ్ళల్లో దానికి దగ్గర మాట దొంగతిండి. ఎవరూ వద్దనరు, అయినా నలుగురి ముందూ తినం.

మరి ఇందులో తప్పు ఎక్కడుంది? సినిమాలోనా, చూసే నాలోనా? ఇదే ఈ వ్యాసం.

మనది తెలుగు డిపార్ట్‌మెంటు కాబట్టి మాట దగ్గర మొదలుపెడతాను. మనకి 'జీవచ్ఛవం' అనే మాట ఉంది. బతికుండి కూడా చచ్చినట్టు ఉన్న మనిషి అని అర్థం. దాన్ని తిరగేస్తే జాంబీ: చచ్చిపోయి కూడా బతికినట్టు తిరిగేది. మన కథల్లో శవంలో దూరేవాడు బేతాళుడు. పాత 'చందమామ'ల్లో విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకుని నడిచే బొమ్మ చూడనివాళ్ళు తక్కువ. ఆ 'చందమామ' చాలా ఏళ్ళు మన వడపళని నుంచే వచ్చింది. కానీ బేతాళుడు మాటకారి. కథ చెప్తాడు, చివర్లో చిక్కు ప్రశ్న వేస్తాడు, జవాబు వినగానే మళ్ళీ చెట్టెక్కుతాడు. జాంబీకి మాట లేదు, ప్రశ్న లేదు, పేరు లేదు. బేతాళుడు ఒక్కడే వస్తాడు, జాంబీలు గుంపుగా వస్తాయి. ఈ పేరులేని గుంపు సంగతి కొంచెం గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ వస్తాను.

ఈ గుంపు మన దాకా ఆలస్యంగానే వచ్చింది. 2013లో హిందీలో 'గో గోవా గాన్' వచ్చింది. అది తీసిన రాజ్, డీకే ఇద్దరూ తిరుపతిలో ఇంజనీరింగు చదివిన తెలుగువాళ్ళే. 2016లో తమిళంలో జయం రవి 'మిరుతన్' వచ్చింది. మిరుగం, మనిదన్ అనే రెండు మాటలు అతికించి చేసిన పేరది. తెలుగులోకి 'యమపాశం' అని డబ్ చేశారు. చక్కటి కొత్త మాటని వదిలేసి పాత మాట పెట్టారని నాకు కొంచెం బాధ. 2021లో ప్రశాంత్ వర్మ నేరుగా తెలుగులో 'జాంబీ రెడ్డి' తీశాడు. కర్నూలు వైపు పెళ్ళింటికి వెళ్ళిన స్నేహితులు ఒక పక్క ఫ్యాక్షన్ వాళ్ళతో, ఇంకో పక్క జాంబీలతో ఇరుక్కుపోతారు. వేటకొడవళ్ళు పట్టుకుని జనం మీద పడేవాళ్ళని మనం చాలా ఏళ్ళుగా తెర మీద చూస్తూనే ఉన్నాం కాబట్టి, జాంబీలు ఆ ఊళ్ళో పెద్ద తేడాగా అనిపించవు. అదే అందులోని జోకు.

అసలు జాంబీ ఎక్కడిది? కరీబియన్ సముద్రంలోని హైతీది. ఫ్రెంచివాళ్ళ కాలంలో అక్కడి చెరుకు తోటల్లో ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన బానిసలతో చచ్చేదాకా పని చేయించేవాళ్ళు. వాళ్ళకి ఉన్న ఒకే ఒక్క విడుదల చావు. మరి చచ్చాక కూడా ఎవడో లేపి మళ్ళీ తోటలో పనికి పెడితే? జాంబీ అంటే వాళ్ళకున్న భయం అది. 1932లో అమెరికాలో తీసిన 'వైట్ జాంబీ'లో ఒక చక్కెర మిల్లు సీను ఉంటుంది. శవాలు గానుగ తిప్పుతుంటాయి. ఒకడు తూలి దాంట్లో పడిపోతాడు. మిగతావాళ్ళు తల కూడా తిప్పరు, గానుగ ఆగదు. కండలు పీక్కు తినే సీన్లు ఎన్నో చూశాను గానీ ఇంత భయం ఎక్కడా వెయ్యలేదు.

ఇప్పుడు మనం చూసే జాంబీని తయారుచేసింది జార్జ్ రొమేరో. నేను ఐదుసార్లు చూశానన్న సినిమా ఆయనదే: 1968లో వచ్చిన 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్'. పిట్స్‌బర్గ్‌లో అడ్వర్టైజ్‌మెంట్లు తీసుకునే కుర్రాళ్ళు తలా కొంత వేసుకుని, సుమారు 1,14,000 డాలర్లతో తీశారు. హాలీవుడ్ లెక్కలో అది చిల్లర. డబ్బు లేక బ్లాక్ అండ్ వైట్‌లో తీశారు. బ్లాక్ అండ్ వైట్ కాబట్టి రక్తం బదులు చాక్లెట్ సిరప్ పోశారు. పెట్టుబడి పెట్టినవాళ్ళూ, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళూ శవాలుగా నడిచారు. మారిలిన్ ఈస్ట్‌మన్ అనే ఆవిడ ఒక తల్లి వేషం వేసింది, మేకప్‌లో పని చేసింది, ఇంకో సీన్లో తనే జాంబీగా కూడా కనిపిస్తుంది. మన యాన్యువల్ డేకి నాటకం వేసినప్పుడు మనమూ ఇలాగే కదా, ద్రౌపదే వెళ్ళి తెర లాగుతుంది.

ఇంకో విచిత్రం. పంపిణీ చేసినవాళ్ళు సినిమా పేరు మార్చేటప్పుడు కాపీరైట్ గుర్తు వెయ్యడం మర్చిపోయారు. దాంతో అమెరికాలో ఆ సినిమా ఎవరి సొత్తూ కాకుండా పోయింది. తీసినవాళ్ళకి రావలసిన డబ్బు చాలా వరకు రాలేదు. కానీ ఎవరు పడితే వాళ్ళు చూపించుకోవచ్చు కాబట్టి అది ఊరూరా తిరిగింది. నా దుప్పటి కిందకి చేరింది కూడా అలాగే.

అంత చవగ్గా తీసిన సినిమాలో ఏముంది అంటారా? అందులో హీరో బెన్‌గా వేసింది డ్యుయేన్ జోన్స్ అనే నల్లజాతి నటుడు. రాత్రంతా తెలివిగా, ధైర్యంగా పోరాడి ఇంట్లో మిగిలేది అతనొక్కడే. తెల్లారుతుంది. తుపాకులు పట్టుకుని శవాల్ని ఏరేస్తూ వస్తున్న ఊరివాళ్ళు కిటికీలో అతన్ని చూస్తారు, జాంబీ అనుకుని కాల్చేస్తారు. అతని శవాన్ని కొక్కేలతో లాగి మిగతా శవాలతో పాటు మంటలో వేస్తారు. ఈ సినిమా వచ్చింది 1968 అక్టోబరులో. అదే సంవత్సరం ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్‌ని కాల్చి చంపారు. థియేటర్లో కూర్చున్నవాళ్ళకి ఎవరూ విడమరచి చెప్పక్కర్లేకపోయింది. కోట్లు పెట్టిన పెద్ద కంపెనీ అయితే ఈ ముగింపు ఒప్పుకునేదా? హీరోని బతికించమనేది. అడ్డుచెప్పే పెద్దవాళ్ళు లేకపోవడం కూడా బీదతనంలో దొరికే ఒక లాభమే.

అందుకే నేను రెండు మాటల్ని వేరుచేసి వాడదాం అంటాను. చవక వేరు, చౌకబారు వేరు. చవక అనేది జేబు సంగతి, చౌకబారు అనేది బుద్ధి సంగతి. రెండూ ఒకే చోట ఉండాలని లేదు. బ్రిటన్‌లో మార్క్ ప్రైస్ అనే కుర్రాడు 2008లో 'కోలిన్' అనే సినిమా తీశాడు. ఖర్చు 45 పౌండ్లే అని చెప్పుకుంటారు. స్నేహితులు, ముక్కూమొహం తెలియనివాళ్ళు ఊరికే వచ్చి నటించారు. ఆ సినిమా కథ మొత్తం జాంబీ వైపు నుంచే నడుస్తుంది. కోలిన్ అనేవాడు చచ్చి లేచి, ఎక్కడికి పోతున్నాడో తెలియకుండా వీధుల్లో తిరుగుతుంటాడు. బతికున్నవాళ్ళే వాడికి భయం పుట్టిస్తారు. సినిమా అక్కడక్కడా మసకగా ఉంటుంది, మాట సరిగ్గా వినపడదు. అయినా జాంబీ మీద జాలిపడి ఏడ్చింది నేను ఆ ఒక్క సినిమాకే.

మీరు అడగబోయేవి నాకు తెలుసు. "మరి ఆ రక్తం, ఆ పేగులు?" అవును, ఉంటాయి. కొన్ని సినిమాల్లో అవి తప్ప ఇంకేమీ ఉండవు. వాటిని నేనూ సగంలో ఆపేస్తాను. రెండో ప్రశ్న ఇంకా గట్టిది: "వాటిల్లో ఆడవాళ్ళని చూపించే తీరు సంగతేంటి?" దీనికి నా దగ్గర సమర్థన లేదు. చాలా సినిమాల్లో అమ్మాయి ఉండేది పొట్టి బట్టలేసుకుని కెవ్వుమని అరిచి మొదట చావడానికే. నేను మెచ్చుకున్న రొమేరో సినిమాలో కూడా బార్బరా అనే అమ్మాయి మొదటి పది నిమిషాల తర్వాత నోట మాట లేకుండా సోఫాలో కూలబడిపోతుంది. నాకది ఐదుసార్లూ కోపం తెప్పించింది. ఒక్కటి మాత్రం చెప్పాలి. 1990లో అదే కథని మళ్ళీ తీసినప్పుడు రొమేరోయే స్క్రిప్టు తిరగరాసి బార్బరా చేతికి తుపాకీ ఇచ్చాడు. ఆయన తప్పు దిద్దుకోవడానికి 22 ఏళ్ళు పట్టింది. మన పెద్ద హీరోల సినిమాలు కొన్ని ఇంకా దిద్దుకోనే లేదు, వాటిని మాత్రం ఇంటిల్లిపాదీ కలిసి చూస్తాం. దాన్ని ఎవరూ దొంగతిండి అనరు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇది రాయాలా వద్దా అని రెండు వారాలు ఆలోచించాను.

మా తాతయ్య తెనాలి వైపు నుంచి మద్రాసు వచ్చి స్టూడియోల్లో లైట్‌బాయ్‌గా చేశారు. సినిమావాళ్ళు హైదరాబాదు వెళ్ళిపోయినా మావాళ్ళు సాలిగ్రామంలోనే ఉండిపోయారు. పోయిన సంవత్సరం ఒక రాత్రి నేను ఫోన్లో జాంబీ సినిమా చూస్తుంటే పక్కన పడుకున్న అమ్మమ్మ లేచింది. తిడుతుందనుకున్నాను. కళ్ళజోడు పెట్టుకుని కాసేపు చూసి, "ఏమేవ్, ఆ మూడోవాణ్ణి చూడు. బాగా చేస్తన్నాడే. కెమెరా వంక చూట్టంలా" అంది.

నాకు అర్థం కాలేదు. నేను హీరోయిన్ని చూస్తున్నాను. అమ్మమ్మ వెనక నడిచే గుంపుని చూస్తోంది.

"నీకెలా తెలుసు అమ్మమ్మా?" అంటే చెప్పింది. పెళ్ళయిన కొత్తల్లో ఇల్లు గడవక ఆవిడ కూడా ఏజెంటు పిలిచినప్పుడు షూటింగులకి వెళ్ళేదట. అప్పట్లో వాళ్ళని జూనియర్ ఆర్టిస్టులు అనేవాళ్ళు కాదు, ఎక్స్‌ట్రాలు అనేవాళ్ళు. పెళ్ళి సీన్లో ముత్తైదువ, సంతలో కూరగాయలమ్మి, ఆస్పత్రిలో రోగి. ఒకసారి దెయ్యాల గుంపులో నిలబెట్టారు. జానపద సినిమా, పేరు ఆవిడకి గుర్తులేదు. విఠలాచార్య సినిమాలు ఆడుతున్న రోజులవి. 'జగన్మోహిని'లో దెయ్యం పొయ్యిలో కట్టెలకి బదులు కాళ్ళు పెట్టి వంట చేస్తే జనం విరగబడి చూశారు కదా, ఆ ఊపులో అందరికీ దెయ్యాలు కావలసొచ్చాయి. అమ్మమ్మకి తెల్లచీర కట్టి, జుట్టు విరబోసి, మొహానికి తెల్లరంగు పూసి, సాంబ్రాణి పొగలో నిలబెట్టారు. పొగకి కళ్ళు మండితే తుడుచుకోకూడదు. దగ్గు రాకూడదు. అన్నిటికంటే ముఖ్యం, కెమెరా వైపు చూడకూడదు. ఒక్కళ్ళు చూసినా షాటు మళ్ళీ తియ్యాలి, ఏజెంటు తిడతాడు, మర్నాడు పిలవడు. సాయంత్రం బత్తా తీసుకుని, రంగు సగమే పోయిన మొహంతో ఇంటికొస్తే, చిన్నపిల్ల మా అమ్మ చూసి జడుసుకుని ఏడ్చిందట. ఆ సినిమా విడుదలైనప్పుడు తాతయ్య అందర్నీ నేల టికెట్టుకి తీసుకెళ్ళారు. పొగలో ఎవరు ఎవరో తెలియలేదు. "మీ తాత మాత్రం 'అదిగో నువ్వే, అదిగో నువ్వే' అని ప్రతి దెయ్యాన్నీ చూపించాడే" అని నవ్వింది.

నేను నవ్వలేకపోయాను. ఎందుకంటే ఈ సంగతి నాకు కొత్త కాదు. పూర్తిగా తెలియదు గానీ, కొంత తెలుసు. తొమ్మిదో క్లాసులో ఒకమ్మాయి "మీ అమ్మమ్మ సినిమాల్లో ఎక్స్‌ట్రానట కదా?" అని అడిగితే, "కాదు, కాస్ట్యూమ్స్ కుట్టేది" అన్నాను. ఆ 'ఎక్స్‌ట్రా' అనే మాటని వాళ్ళు పలికే తీరు నాకు తెలుసు. మీకూ తెలుసు.

ఆ రాత్రి నుంచి నేను ఈ సినిమాలు చూసే పద్ధతి మారింది. పెద్ద సినిమాలో గుంపుని కంప్యూటర్లో గీసేస్తారు, వందని పదివేలు చేస్తారు. చవక సినిమాలో ఆ సౌకర్యం లేదు. ప్రతి జాంబీ వెనకా ఒక మనిషి ఉండక తప్పదు. జాగ్రత్తగా చూస్తే ఒకళ్ళు కుంటడం మర్చిపోతారు, ఒకళ్ళ చేతికి వాచీ ఉండిపోతుంది, ఒకళ్ళు నవ్వు ఆపుకుంటుంటారు. విమర్శకులు వాటిని లోపాలు అంటారు. నాకైతే అక్కడ ఎవరో మా అమ్మమ్మలాంటి మనిషి బత్తా కోసం నిలబడి, పని సరిగ్గా చెయ్యాలని చూస్తున్నట్టు కనిపిస్తుంది. హైతీ తోటల్లో పుట్టిన జాంబీ పేరులేని పనివాడు. దాన్ని తెర మీద నడిపించేది కూడా చాలాసార్లు పేరు పడని పనివాళ్ళే. టైటిల్స్‌లో వాళ్ళ పేర్లు వెతికాను. "మరియు తదితరులు" అని ఉంటుంది.

ఈ మాట నాకంటే బాగా చెప్పిన జపాన్ సినిమా ఒకటుంది. 2017లో షినిచిరో ఉయెదా తీసిన 'వన్ కట్ ఆఫ్ ది డెడ్'. సుమారు 30 లక్షల యెన్‌లతో, పేరున్న నటులెవరూ లేకుండా తీశారు. 300 కోట్ల యెన్‌లకు పైగా వసూలు చేసింది. మొదటి 37 నిమిషాలు ఒకే షాటు, చూస్తే పరమ చెత్తగా ఉంటుంది. దయచేసి ఆపకండి. మిగతా సగంలో ఆ చెత్త షాటు తియ్యడానికి వెనక ఎంతమంది ఎన్ని పాట్లు పడ్డారో చూపిస్తారు. చివర్లో కెమెరాని పైకి లేపే క్రేన్ విరిగిపోతుంది. అప్పుడు సినిమాలో పనిచేసేవాళ్ళంతా ఒకళ్ళ మీద ఒకళ్ళు ఎక్కి నిలబడతారు, మనుషులే క్రేన్ అయిపోతారు. డైరెక్టరు కూతురు తండ్రి భుజాల మీద కూర్చుని కెమెరా పైకెత్తుతుంది. తెర మీద ఆ షాటు కనిపించేది కొన్ని సెకన్లే. అది అమ్మమ్మకి చూపించాను. భాష తెలియకపోయినా ఆవిడకి ఏ అనుమానమూ రాలేదు. "అంతేనే, అట్టాగే ఉంటది షూటింగు" అంది.

కాబట్టి నా అభిప్రాయం ఇది. మన ఇష్టాల్లో వేటిని నలుగురి ముందు చెప్తాం, వేటిని దాచుకుంటాం అన్నది చాలాసార్లు సినిమా మంచిచెడ్డల్ని బట్టి ఉండదు. అది ఎవరు తీశారు, ఎంత పెట్టి తీశారు, ఎవరు చూస్తారు అనేదాన్ని బట్టి ఉంటుంది. నేను సిగ్గుపడాల్సింది ఏదైనా ఉంటే అది తొమ్మిదో క్లాసులో ఆడిన అబద్ధం. దుప్పటి కింద చూసిన సినిమా దాని ముందు చాలా చిన్న సంగతి. చెత్త సినిమాలన్నీ గొప్పవని నేను అనడం లేదు, పదిలో ఏడు నిజంగానే చెత్త. కానీ చూసి, తూకం వేసి చెత్త అనండి. జేబు చూసి అనకండి.

మేడమ్ గారూ, ఇంకోసారి మీరు అదే ప్రశ్న అడిగితే నా జవాబు మారుతుంది. 'మాయాబజార్' ఏమీ అనుకోదు, దానికి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. వీలైతే ఒక శనివారం మధ్యాహ్నం ప్రొజెక్టరు ఇప్పించండి, ఆ జపాన్ సినిమా అందరం కలిసి చూద్దాం. అమ్మమ్మని తీసుకొస్తాను. వెనక గుంపులో ఎవరు బాగా చేస్తున్నారో ఆవిడ చెప్తుంది.

ఈ వ్యాసం కింద ఒక తెల్లకాగితం అంటించాను. మీ దొంగతిండి సినిమా ఏదో దాని మీద రాయండి. పేరు రాయకపోయినా ఫర్వాలేదు. రాస్తే ఇంకా సంతోషం.